స్క్రూ జాక్ ప్రాజెక్టు డైరీ: నల్లగొండ, మెషినిస్ట్ ట్రేడ్ రెండో సంవత్సరం

జాబ్ ఎంపిక

ఐటీఐలో మెషినిస్ట్ ట్రేడ్ రెండేళ్ల కోర్సు. పది పాసైనవాళ్లు చేరతారు. 2022లో మారిన సిలబస్ ప్రకారం ఏటా 150 గంటలు ఫ్యాక్టరీలో ఆన్ ది జాబ్ ట్రైనింగ్ ఉండాలి, అది కుదరని చోట గ్రూప్ ప్రాజెక్టు చేయాలి. ఈ బ్యాచ్ ప్రాజెక్టు స్క్రూ జాక్, అంటే మర తిప్పి బరువు లేపే జాక్. నట్‌లో తిరిగే మర కడ్డీ స్పిండిల్, నట్ కూర్చునేది బాడీ, పైన బరువు ఆనేది టోపీ, స్పిండిల్‌ను తిప్పే కడ్డీ టామీ బార్. దించినప్పుడు సుమారు 165 మి.మీ. ఎత్తు ఉంటుంది, 60 మి.మీ. లేపుతుంది.

చూడ్డానికి చిన్న జాబే (జాబ్ అంటే మెషిన్ మీద చేసే వస్తువు). కానీ లేత్ (జాబ్‌ను తిప్పుతూ కోసే మెషిన్) మీద టేపర్ (వాలు), బోరింగ్ (రంధ్రం పెద్దది చేయడం), లోపలా బయటా స్క్వేర్ థ్రెడ్ (చదరపు పళ్ల మర), మిల్లింగ్ (కట్టర్ తిరిగే మెషిన్) మీద ఇండెక్సింగ్ (జాబ్‌ను సమాన కోణాలకు తిప్పడం), డ్రిల్లింగ్, ట్యాపింగ్ (రంధ్రంలో మర కోయడం), లిమిట్స్ అండ్ ఫిట్స్ (కొలతల హద్దులు, భాగాల బిగువు) అన్నీ ఇందులోనే వస్తాయి. ఈ జిల్లా పనికీ దగ్గరగా ఉంటుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులో ఎలివేటర్ షాఫ్టు కింద ఆధారం పెట్టి బేరింగ్ మార్చాలన్నా, మిల్లింగ్ టేబుల్ మీద వేలాడే కాస్టింగ్‌ను కింద నుంచి ఆపాలన్నా ఇలాంటి జాకే కావాలి. అన్నిటికంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి: ఇందులో ఆపరేషన్ల వరస ఒక్కటి తప్పినా తర్వాతి ఆపరేషన్‌కు జాబ్‌ను పట్టుకోవడానికి చోటు మిగలదు. కోత కోయడం ఆరు నెలల్లో వస్తుంది. ఎక్కడ పట్టాలో ముందే చూడటం నేర్పడానికి ఇలాంటి జాబే కావాలి.

మెటీరియల్

స్పిండిల్‌కు ఇఎన్8 (మధ్యస్థ కార్బన్ స్టీలు) రాడ్డు, 40 మి.మీ. వ్యాసం, 160 పొడవు (యూనిట్ రాయని కొలతలన్నీ మి.మీ.లోనే). బాడీకి మైల్డ్ స్టీల్, 75 వ్యాసం, 115 పొడవు. నట్‌కు గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన మిశ్రమ లోహం) బుష్ కాస్టింగ్ (పోత పోసిన ముక్క), బయట 50, పొడవు 60. టోపీకి మైల్డ్ స్టీల్ ముక్క 45 × 22. టామీ బార్‌కు 10 మి.మీ. బ్రైట్ బార్ 220 పొడవు. ఇవి కాక ఒక ఎం6 (6 మి.మీ. మర) బోల్టు, వాషరు, ఒక ఎం6 గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ).

రాడ్డు కొనేటప్పుడు ఇఎన్8 అని చెప్పి మైల్డ్ స్టీల్ ఇచ్చినా చూపుకు తేడా తెలియదు. తేడా థ్రెడ్ కోసేటప్పుడు బయటపడుతుంది. మెత్తటి స్టీలు గాడి గోడల మీద చిరుగుతుంది, ఎంత నెమ్మదిగా కోసినా నునుపు రాదు. అందుకే కొత్త రాడ్డును ముందు గ్రైండింగ్ వీల్‌కు ఆనించి నిప్పురవ్వలు చూడాలి. ఇఎన్8లో కార్బన్ 0.4 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి రవ్వల చివర చిట్లడం ఎక్కువ. మైల్డ్ స్టీల్ రవ్వలు పొడుగ్గా సాగుతాయి, చిట్లడం తక్కువ. పక్కన తెలిసిన మైల్డ్ స్టీల్ ముక్క పెట్టుకుని రెండూ ఒకే వీల్ మీద పోల్చాలి, ఒక్కదాన్నే చూసి తేల్చకూడదు.

గన్‌మెటల్ బుష్ పై చర్మం తీస్తే గానీ లోపలి బొక్కలు కనబడవు. ఒక చివర ఫేసింగ్ చేసి (ముఖం చదును చేసి), బయట 2 మి.మీ. తీసి చూశాకే పనికి తీసుకున్నాం. గాలిబుడగ థ్రెడ్ పన్ను మధ్యలో పడితే ఆ పన్ను బరువు మోయదు.

వరస రాసుకోవడం

మెషిన్ ముట్టుకోకముందే కాగితం మీద తేలాల్సిన పని ఇది. స్పిండిల్‌నే చూడండి. పై నుంచి కిందికి: టోపీ కూర్చునే 16 వ్యాసం స్పిగాట్ (సన్న కొస) 12 పొడవు, 30 పొడవున్న తల, 6 వెడల్పు అండర్‌కట్ (మర ముగిసేచోట టూలు ఆగే గాడి), 24 వ్యాసం × 5 పిచ్ (పన్ను నుంచి పన్నుకు దూరం) స్క్వేర్ థ్రెడ్ 100 పొడవు, చివర 19 వ్యాసం స్పిగాట్ 6 పొడవు. మొత్తం 154.

తలకు హెక్స్ (ఆరు ముఖాలు) కోయాలంటే డివైడింగ్ హెడ్ (జాబ్‌ను కొలిచిన కోణాలకు తిప్పే సాధనం) చక్ 24 వ్యాసాన్ని పట్టాలి. థ్రెడ్ ముందే కోస్తే చక్ జాలు (పట్టుకునే దవడలు) ఆ థ్రెడ్‌నే నలిపేస్తాయి. కాబట్టి హెక్స్ ముందు, థ్రెడ్ తర్వాత. థ్రెడ్ కోసేటప్పుడు హెక్స్‌ను త్రీ జా చక్‌లో పట్టుకోవచ్చు గదా అని బ్యాచ్‌లో ప్రశ్న వచ్చింది. పట్టుకోవచ్చు, పట్టు బిగువుగానే ఉంటుంది. కానీ హెక్స్ మధ్యరేఖ, 24 వ్యాసం మధ్యరేఖ ఒకటేనన్న హామీ లేదు. అందుకని రెండు సెంటర్ల (జాబ్ చివరి రంధ్రాల్లో దిగే మొనల) మధ్య, క్యారియర్‌తో (జాబ్‌ను తిప్పే బిగింపుతో) కోయాలి. అప్పుడు రెండు చివర్లా సెంటర్ రంధ్రాలు చివరిదాకా బతికి ఉండాలి. టోపీ బోల్టుకు వేసే ఎం6 రంధ్రం ఆ సెంటర్‌నే మింగేస్తుంది, కాబట్టి 5 మి.మీ. డ్రిల్లు, ఎం6 ట్యాపు అన్నిటికంటే ఆఖరున.

వరస ఇలా నిలిచింది: రెండు చివర్లు ఫేసింగ్, సెంటర్ డ్రిల్లు, సెంటర్ల మధ్య 24 వ్యాసం, తిప్పి తల 36, స్పిగాట్ 16, మిల్లింగ్‌లో హెక్స్, హెక్స్‌లో అడ్డంగా 10.5 రంధ్రం, మళ్లీ లేత్ మీద అండర్‌కట్, కొస స్పిగాట్, థ్రెడ్, చివర ఎం6.

స్పిండిల్ టర్నింగ్, హెక్స్

40 రాడ్డుకు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూలుతో నిమిషానికి 25 మీటర్ల కోత వేగం తీసుకుంటే దాదాపు 200 ఆర్పీఎం వస్తుంది. టెయిల్ స్టాక్ (చక్‌కు ఎదురు చివర) వైపు, జాబ్‌తో పాటు తిరిగే రివాల్వింగ్ సెంటర్ వాడాం. తిరగని డెడ్ సెంటర్ మాత్రమే ఉన్నచోట గ్రీజు పెట్టాలి, మధ్యలో ఆపి పట్టు సడలించాలి. జాబ్ 40 డిగ్రీలు వేడెక్కితే 154 మి.మీ. పొడవుకు 0.07 మి.మీ. పెరుగుతుంది. ఆ పెరుగుదలకు పోయే చోటు లేక సెంటర్ మొన కాలిపోతుంది.

హెక్స్ ఎదురు ముఖాల మధ్య 30 మి.మీ. తల వ్యాసం 36 కాబట్టి ఒక్కో ముఖానికి 3 మి.మీ. లోతు. డివైడింగ్ హెడ్ నిష్పత్తి 40:1 (క్రాంకు 40 చుట్లకు జాబ్ ఒక చుట్టు), ఆరు భాగాలకు 40/6 అంటే 6 పూర్తి చుట్లు, 18 రంధ్రాల వలయంలో 12 రంధ్రాల దూరం. సెక్టార్ చేతుల (రంధ్రాల దూరం గుర్తుపెట్టే రెండు పలకల) మధ్య పిన్ను ఉన్న రంధ్రం కాక 12 లెక్కపెట్టాలి. దాన్నీ కలిపి 12 లెక్కపెడితే ఒక్కో ముఖానికి అర డిగ్రీ తగ్గుతూ ఆరో ముఖం దగ్గర హెక్స్ వంకర తేలుతుంది.

ముఖాలను ఒకటి, రెండు, మూడు అని కోసుకుపోకూడదు. మొదటి ముఖం 2.5 లోతు తీసి, క్రాంకును సరిగ్గా 20 చుట్లు తిప్పితే ఎదురు ముఖం వస్తుంది. అదీ కోసి మైక్రోమీటర్‌తో కొలిస్తే 31 రావాలి. ఎంత వచ్చినా, 30కి పైనున్న మిగులులో సగమే టేబుల్ ఎత్తాలి. ఆ రెండూ 30కి వచ్చాక టేబుల్ ఎత్తును లాక్ చేసి మిగతా నాలుగూ కోయాలి. కట్టర్ 20 మి.మీ. ఎండ్ మిల్, 400 ఆర్పీఎం, ఫీడు నిమిషానికి 80 మి.మీ. క్రాంకును ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. రంధ్రం దాటిపోతే అర చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రావాలి, లేకపోతే వార్మ్ గేరులోని ఆట (వదులు) కోణంలోకి వచ్చేస్తుంది. కోతకు ముందు హెడ్ స్పిండిల్ క్లాంప్ బిగించాలి, ఇండెక్స్ చేసేముందు వదలాలి.

తల చక్‌కు ఎంత దగ్గరుంటే అంత మంచిది. హెడ్ బోరు చాలక రాడ్డు లోపలికి పోకపోతే ఫుట్‌స్టాక్ (ఎదురు చివర ఆనించే సాధనం) ఆధారం పెట్టాలి. అప్పుడు కట్టర్ ఫుట్‌స్టాక్ బాడీకి తగులుతుందేమో మోటారు ఆపి, చేత్తో టేబుల్ నడిపి చూశాకే స్విచ్ వేయాలి. అండర్‌కట్‌ను కావాలనే హెక్స్ తర్వాతకు పెట్టాం. మెడ సన్నగా ఉంటే మిల్లింగ్‌లో అదురుతుంది.

టూలు సాన

స్క్వేర్ థ్రెడ్ చెడేది చాలాసార్లు టూలు దగ్గరే. 5 పిచ్‌కు గాడి వెడల్పు 2.5, లోతు 2.5. గాడి అడుగు వ్యాసం 19 దగ్గర హెలిక్స్ కోణం (మర వాలు) 4.8 డిగ్రీలు, పై వ్యాసం 24 దగ్గర 3.8. కుడి థ్రెడ్‌కు టూలు ఎడమ పక్క, అంటే చక్ వైపు వెళ్లే పక్క, 4.8కి ఒక డిగ్రీ కలిపి దాదాపు 6 డిగ్రీలు ఉండాలి. కుడి పక్క 3.8లో ఒక డిగ్రీ తీసి దాదాపు 3 డిగ్రీలు. రెండూ ఒకే వైపు వాలతాయి. ముందు నుంచి చూస్తే టూలు పక్కకు ఒరిగినట్టు కనిపించాలి. పార్టింగ్ టూలులా రెండు పక్కలా సమానంగా సాన పడితే ఎడమ పక్క మడమ గాడి గోడకు రుద్దుకుంటుంది, కోత పడదు, జాబ్ కిర్రుమంటుంది.

రెండు టూళ్లు తయారయ్యాయి: రఫింగ్‌కు 2.2 వెడల్పు, ఫినిషింగ్‌కు 2.5. హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు సాన పట్టేటప్పుడు తరచూ నీళ్లలో ముంచాలి. అంచు నీలమైతే పదును నిలవదు, ఆ నీలం పోయేదాకా మళ్లీ తీయాలి. పైముఖం చదునుగా, రేక్ (పైముఖం వాలు) సున్నా.

థ్రెడ్

లీడ్ స్క్రూ (టూలును నడిపే మర) పిచ్ 6 ఉన్న లేత్ మీద 5 పిచ్ కోయాలంటే డ్రైవర్ (తిప్పే గేరు) 50 పళ్లు, డ్రివెన్ (తిరిగే గేరు) 60, మధ్యలో ఐడ్లర్ (రెంటినీ కలిపే గేరు). అంగుళానికి 4 థ్రెడ్ల లీడ్ స్క్రూ ఉన్న పాత లేత్ అయితే డ్రైవర్ 100, డ్రివెన్ 127. 127 పళ్ల గేరు లేని చోట దగ్గరి నిష్పత్తితో సర్దుకోవద్దు. స్పిండిల్, నట్ వేర్వేరు లేత్‌ల మీద కోస్తే 42 పొడవు నట్‌లో ఆ తేడా పిచ్ పిచ్‌కూ పోగై పట్టేయొచ్చు.

గేర్లు వేశాక ముందు గీత మాత్రమే. 0.05 లోతున ఒక్క గీత గీసి, పది పిచ్‌లు వెర్నియర్‌తో కొలిస్తే 50 రావాలి. ఇది చూడకుండా కోతకు వెళ్లకూడదు.

5 పిచ్, 6ను నిశ్శేషంగా భాగించదు. కాబట్టి హాఫ్ నట్ (టూలును లీడ్ స్క్రూకు తగిలించే పట్టు) ఒకసారి మూస్తే పని పూర్తయ్యేదాకా తెరవకూడదు. పాస్ (ఒక విడత కోత) చివర టూలు వెనక్కి లాగి, మెషిన్‌ను రివర్స్‌లో తిప్పి మొదటికి తేవాలి. 3, 2, 1.5 పిచ్‌లు కోసిన అలవాటుతో చెయ్యి హాఫ్ నట్ లీవర్ మీదికే పోతుంది. అందుకే లీవర్‌కు గుడ్డ కట్టి ఉంచాం. క్యాచ్ ప్లేట్ (క్యారియర్‌ను తిప్పే పలక) మరతో బిగించే పాత లేత్‌లో రివర్స్ ఒక్కసారిగా వేస్తే ప్లేటు ఊడి వస్తుంది. పూర్తిగా ఆగాకే రివర్స్.

వేగం 40 నుంచి 60 ఆర్పీఎం. రఫింగ్ టూలుతో మొదట పాస్‌కు 0.1, లోతు పెరిగేకొద్దీ 0.05. క్రాస్ స్లైడ్‌తో (టూలును జాబ్‌కు అడ్డంగా నడిపేది) నేరుగా లోపలికే వెళ్లాలి. 2.3 లోతు దగ్గర ఆపి ఫినిషింగ్ టూలు కట్టాలి. టూలు మార్చినప్పుడు గాడిలో మళ్లీ కుదుర్చుకోవడం ఇలా: టూలు బయట ఉంచి మెషిన్‌ను కోత దిశలో కొంచెం నడిపి ఆపాలి. దాంతో లీడ్ స్క్రూలోని ఆట పోతుంది. ఆ తర్వాత కాంపౌండ్ స్లైడ్‌తో (క్రాస్ స్లైడ్ పైన, కోణానికి తిప్పగలిగే చిన్న స్లైడ్) టూలును గాడి మధ్యకు తేవాలి. చేత్తో వెనక్కి తిప్పి కుదిరిస్తే మొదటి పాస్‌లోనే ఒక గోడ చెక్కుకుపోతుంది. ఫినిషింగ్‌లో పక్కకు 0.15 చొప్పున రెండు గోడలూ తాకుతాయి, ఆ తర్వాత మిగిలిన లోతు.

కొసనున్న 19 స్పిగాట్ ఇక్కడ పనికొస్తుంది. టూలు మొన దాన్ని సన్నగా రాసిందంటే లోతు పూర్తయినట్టే. గాడి వెడల్పుకు 2.5 డ్రిల్లు షాంకే గేజు: అది పొడవునా తేలిగ్గా దిగాలి, 2.6 దిగకూడదు. థ్రెడ్ మొదట్లో కత్తిలా పలచగా మిగిలే సగం పన్నును ఆకురాయితో తీసేయాలి. వదిలేస్తే గన్‌మెటల్ నట్‌ను అదే గీరేస్తుంది.

థ్రెడ్‌కు కూలెంట్ కాదు, కటింగ్ ఆయిల్ బ్రష్‌తో. టర్నింగ్‌కు మాత్రం సాల్యుబుల్ ఆయిల్ ఒక వంతు, నీళ్లు ఇరవై వంతులు. నీళ్ల విషయంలో నల్లగొండలో జాగ్రత్త ఉండాలి. బోరు నీళ్లలో కాఠిన్యం ఎక్కువైతే ఎమల్షన్ విరిగిపోతుంది, ట్యాంకులో పైన నూనె తేలుతుంది, జాబ్ తుప్పు పడుతుంది. భగీరథ నల్లా నీళ్లు పట్టి వాడితే ఈ బాధ తగ్గింది. నీళ్లలో ఆయిల్ పోయాలి, ఆయిల్‌లో నీళ్లు కాదు. ఎండాకాలం నీరు ఆవిరై మిశ్రమం చిక్కబడుతుంది, పలచగా కలిపినదే తిరిగి పోయాలి.

కరెంటు పోతే: గాడి మధ్యలో మెషిన్ ఆగిపోతుంది, టూలు లోహంలో ఇరుక్కుని ఉంటుంది. అలాగే స్టార్ట్ చేస్తే మొన విరుగుతుంది. ముందు క్రాస్ స్లైడ్ వెనక్కి లాగాలి. లైన్ రిపేరు జరిగి కరెంటు వచ్చిన రోజు ఫేజులు తారుమారై మోటారు ఎదురు దిశలో తిరగొచ్చు, కాబట్టి టూలు దూరంగా ఉంచి ఒకసారి తిప్పి చూశాకే పని.

నట్

స్పిండిల్ ముందు పూర్తిచేసింది ఇందుకే: నట్ లోపలి గాడి కంటికి కనబడదు, స్పిండిలే దానికి గేజు. నట్ చక్‌లో ఉండగానే స్పిండిల్ పెట్టి చూడొచ్చు. ఒకసారి చక్ నుంచి తీస్తే ఆ గాడిని మళ్లీ అందుకోవడం దాదాపు అసాధ్యం.

బుష్‌ను 12 మి.మీ. పట్టి ఒకే సెట్టింగ్‌లో అన్నీ: 18 డ్రిల్లు, 19.5 బోరు, 42 లోతు దాటాక 25 వ్యాసం, 6 వెడల్పు రిసెస్ (లోపలి గాడి), బయట 36 వ్యాసం 36 పొడవు, థ్రెడ్. చక్ వైపు మిగిలే 46 వ్యాసం కాలరు (వెడల్పాటి అంచు) 6 మందం. రిసెస్ లేకపోతే టూలు పోయి ఆగడానికి చోటుండదు. గన్‌మెటల్‌కు మామూలు డ్రిల్లు వాడితే లోపలికి లాగేసుకుంటుంది. డ్రిల్లు పెదవుల మీద రేక్‌ను నూనెరాయితో కాస్త చదును చేస్తే ఆగుతుంది.

లోపలి టూలు వెడల్పు 2.6, గాడి పెద్ద వ్యాసం 24.5. అంటే మొనల దగ్గర 0.25, పక్కల్లో 0.1 ఖాళీ. బోరింగ్ బార్ మీద సుద్దతో లోతు గుర్తు పెట్టుకోవాలి. లోపల టూలును వెనక్కి లాగడమంటే క్రాస్ స్లైడ్‌ను ముందుకు, అంటే జాబ్ మధ్యకు తేవడం. బయటి థ్రెడ్ తర్వాత వెంటనే లోపలి థ్రెడ్‌కు వచ్చినవాళ్ల చెయ్యి ఇక్కడే తడబడుతుంది, టూలు గోడలో దిగిపోతుంది. మొదటి రెండు మూడు పాస్‌లు టూలు తాకకుండా ఉత్తుత్తిగా చేయించడం మంచి పద్ధతి.

బయటి 36 వ్యాసాన్ని కోసిన వెంటనే కొలవొద్దు. గన్‌మెటల్ 30 డిగ్రీలు వేడెక్కితే 36 మి.మీ.కు దాదాపు 0.02 పెరుగుతుంది. ఆ వ్యాసానికి పెట్టుకున్న కె6 (కొలతలో అనుమతించే తేడా) పరిధి +0.002 నుంచి +0.018 వరకే. వేడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్నది చల్లారాక చిన్నదైపోతుంది.

బాడీ

మొదటి సెట్టింగ్‌లో బేస్ వైపు ఫేసింగ్, ఫ్లేంజ్ 74 వ్యాసం, 10, 18, 25 డ్రిల్లులు వరసగా, ఆపై 26 బోరు ఆరపార. రెండో సెట్టింగ్‌లో రివర్స్ జాలలో ఆ ఫ్లేంజ్ పట్టి, బేస్ ముఖాన్ని జా మెట్టుకు ఆనించాలి. మధ్యలో ఒక్క పొట్టు ముక్క ఇరుక్కున్నా జాక్ నిటారుగా నిలబడదు. 26 రంధ్రంలో పైప్ సెంటర్ ఆనించి బయట రఫింగ్, ఆ సెంటర్ తీసేసి 36 హెచ్7 (రంధ్రానికి కొలత హద్దు) బోరు 36 లోతు, పై ముఖం.

టేపర్ 50 పొడవులో 70 నుంచి 46కు. (70 − 46) ÷ (2 × 50) = 0.24, కాంపౌండ్ స్లైడ్ 13 డిగ్రీల 30 నిమిషాలు. ఆ పైన 45 పొడవు 46 వ్యాసం సూటిగా.

నట్ ఫిట్‌కు పి6 కాకుండా కె6 ఎంచుకోవడానికి కారణం ఉంది. పి6 ప్రెస్ ఫిట్ (నొక్కి దించే బిగువు). కొట్టి దించితే నట్ లోపలికి కుంచించుకుంటుంది, బయట హాయిగా తిరిగిన స్పిండిల్ లోపల పట్టేస్తుంది. బరువు ఎలాగూ కాలరు మీద పడి బాడీకి పోతుంది, కాబట్టి నట్‌ను తిరగకుండా ఆపితే చాలు. దానికి ఎం6 గ్రబ్ స్క్రూ, సగం నట్‌లో, సగం బాడీలో. మెత్తటి గన్‌మెటల్ వైపు డ్రిల్లు జారుతుంది, గట్టిగా సెంటర్ పంచ్ కొట్టి చిన్న డ్రిల్లుతో మొదలుపెట్టాలి.

జోడింపు, ఇంకా మిగిలింది

టోపీ తయారైంది: 40 వ్యాసం, 18 మందం, 16.2 రంధ్రం 11.7 పొడవు, పైన వాషర్‌కు 24 వ్యాసం గుంట. స్పిగాట్ 12 కాబట్టి బోల్టు బిగించినా టోపీ స్వేచ్ఛగా తిరుగుతుంది. అది తిరగకపోతే జాక్ లేపేటప్పుడు పైనున్న జాబ్ కూడా తిరగబోతుంది.

స్పిండిల్ కొంచెం బిగువుగా ఉంటే గ్రైండింగ్ పేస్టు పూసి తిప్పుదామన్న ఆలోచన వస్తుంది. గన్‌మెటల్‌తో అది వద్దు. పేస్టులోని రాపిడి గింజలు మెత్తటి లోహంలో కూరుకుపోయి, ఎంత కడిగినా పోకుండా స్పిండిల్‌ను అరగదీస్తూనే ఉంటాయి. ప్రషియన్ బ్లూ (తాకిన చోటు చూపే నీలి రంగు) పూసి ఎక్కడ రుద్దుకుంటుందో చూసి, స్పిండిల్ మీద ఆ చోటే సన్న ఆకురాయితో తాకాలి.

కొలిచినవి: స్పిండిల్‌ను సెంటర్ల మధ్య తిప్పితే థ్రెడ్ పై వ్యాసం మీద డయల్ తేడా 0.03 లోపు. నట్‌లో ముందు వెనక ఆట 0.1. బరువు పెట్టి టామీ బార్ వదిలేస్తే తనంతట దిగలేదు. సగటు వ్యాసం 21.5 దగ్గర హెలిక్స్ కోణం 4.2 డిగ్రీలే, నూనె రాసిన స్టీలు, గన్‌మెటల్ మధ్య ఘర్షణ కోణం దానికంటే ఎక్కువ కాబట్టి దిగకూడదు కూడా. రెండు మొనల థ్రెడ్ కోసి లీడ్ (ఒక చుట్టుకు కదిలే దూరం) 10 చేస్తే ఈ భరోసా పోతుంది.

మిగిలినవి: హైడ్రాలిక్ ప్రెస్ కింద అర టన్ను బరువుతో 60 మి.మీ. పూర్తి ఎత్తులో నిలిపి చూడటం, ఆ తర్వాత కాలరు కింద ముఖం ఎక్కడైనా ఒక పక్కకే ఆనిందా అని బ్లూ పూసి చూడటం. 60 గుర్తు దగ్గర స్పిండిల్ మీద ఎర్ర గీత ఇంకా వేయలేదు. అది దాటి లేపితే నట్‌లో పట్టే పళ్లు తగ్గుతాయి కాబట్టి ప్రెస్ పరీక్షకు ముందే ఆ గీత పడాలి. ప్రాక్టికల్ పరీక్షలో పాసుకు 60 శాతం మార్కులు రావాలి. ఆలోపు ప్రతి జతా ఇదే వరసను డైరీ చూడకుండా రాసి ఇవ్వాలి, ప్రతి ఆపరేషన్ పక్కన జాబ్‌ను ఎక్కడ పట్టారో కూడా రాస్తూ.